అమ్మ వంతుకొచ్చిన వచనం

ఆ శనివారం మా ఇంట్లో చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. పురిటికి గుడ్డలు కావాలి గనక అమ్మ పాత నేతచీరలు ఉడకబెట్టి, ఎండ పోకముందే ఆరెయ్యాలి. నాన్న లోపలిగది తలుపు గెడ సరిచెయ్యాలి. నేను చోళ్ళు మరకి పట్టుకెళ్ళి పిండి ఆడించాలి. ఈ వారం ప్రార్థన గుడి ఊడ్చే వంతు మాది, కాబట్టి చీకటి పడేలోగా చాపలు దులిపి పరచాలి. ఆదివారం బడి పిల్లలకి కంఠతవాక్యం బోర్డు మీద రాసిపెట్టాలి. దీవెన అత్తవారికి ఫోన్ చేసి ఉయ్యాల వాళ్ళు తెస్తారా, మేమే కొనాలా అని అడగాలి. ఇవన్నీ అయ్యాక, వీలు చూసుకుని, దీవెనని సుహాసిని సిస్టర్ దగ్గరకి తీసుకెళ్ళి బీపీ చూపించాలి.

వీలు చూసుకుని చేద్దామనుకున్న పనే ముందుకొచ్చింది. మిగతావాటిలో ఒక్కటీ కాలేదు.

దీవెన నా చెల్లెలు. తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. అప్పటికి ఎనిమిదో నెల. మా ఊరు గజపతినగరానికీ బొబ్బిలికీ మధ్య, పెద్దరోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. నాన్న ఏసురాజు తాపీ పని చేస్తాడు. అమ్మ జ్ఞానసుందరి పొలం పనులకి వెళుతుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. బీఈడీ కూడా చేసి, గజపతినగరంలో ఒక బడిలో సైన్సు చెబుతున్నాను.

మా ఇంట్లో పొద్దున వాక్యం కాకుండా గంజి గిన్నె కదలదు. నలుగురం గుండ్రంగా కూర్చుంటాం. మొదట నాన్న ఒక వచనం చదువుతాడు, తర్వాత నేను, తర్వాత దీవెన, తర్వాత అమ్మ. మళ్ళీ నాన్న. అధ్యాయం అయ్యేదాకా పుస్తకం అలా చేతులు మారుతుంది. ఎవరి వంతు వాళ్ళే చదవాలి. జ్వరం వచ్చినా, నాట్లకి పొద్దు మీరిపోతున్నా, చుట్టాలున్నా సరే. దీవెన పెళ్ళై వెళ్ళాక దాని వంతు ఖాళీగా ఉండేది. ఇప్పుడు మళ్ళీ వచ్చి తన చోట తను కూర్చుంటోంది.

ఆ శనివారం పొద్దున పుస్తకం దీవెన చేతికిచ్చాను. అది నాకే తిరిగి ఇచ్చేసింది.

"నా వంతు నువ్వే సదివెయ్ అప్పా. తల పేలిపోతన్నాది."

అమ్మ తలెత్తి చూసింది. "పైత్యమే. అల్లం రసం తాగితే తగ్గిపోద్ది," అంది.

నేను దాని వంతు చదివాను గాని మనసు కుదుటపడలేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒళ్ళంతా పొక్కులున్నప్పుడు కూడా దీవెన వంతు వదల్లేదు. ప్రార్థన అయ్యాక చూస్తే దాని పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. గంజి తాగనివ్వకుండానే ఆటో పిలిచాను.

సుహాసిని సిస్టర్ మా ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఒక చేతికి పట్టీ కట్టి చూసింది. రెండో చేతికి కూడా కట్టింది. మూత్రంలో పుల్ల ముంచి, వెలుతురులోకి తీసుకెళ్ళి చూసింది.

"మెర్సీ, దీన్ని నడిపించకు. ఆ ఆటోలోనే ఇంటికి తీసుకెల్లి ఎడంపక్కకి పడుకోబెట్టు. అంబులెన్సుకి నాను ఫోన్ సేస్తన్నాను. బట్టలు, ఆధార్ కార్డులు సంచిలో ఎట్టుకుని సిద్ధంగుండండి. విజీనగరం ఎల్లాల."

"అంత ఎక్కువుందా సిస్టర్?"

"నూట డెబ్బై దాటింది. ఫిట్సు వస్తే నా దగ్గర ఏటున్నాది? ఈ టేబులూ, నానూ." గొంతు తగ్గించింది. "బిడ్డని తీసెయ్యాల్సి రావొచ్చు. పెద్దాపరేషన్. ఇంట్లో సెప్పి ఉంచు."

ఇంట్లో చెప్పాను. అమ్మ పొయ్యి మీద చీరల డేగిసా కలుపుతోంది. కర్ర అలాగే పట్టుకుని నిలబడింది.

"కోస్తారేటి?"

"అవసరమైతే కోస్తారమ్మా."

అమ్మ కర్ర కింద పెట్టింది. లోపలికెళ్ళి బైబిలు తెచ్చింది. అందులోంచి ఒక చిన్న కార్డు తీసి నా ముందు పట్టుకుంది. అది దీవెన వాగ్దాన కార్డు.

డిసెంబరు ఆఖరి రాత్రి మా గుడిలో అందరం మేలుకుని ప్రార్థిస్తాం. పన్నెండు దాటాక పాస్టరయ్యగారు పళ్ళెం నిండా కార్డులు బోర్లించి తెస్తారు. ఒక్కో కార్డు మీద ఒక్కో వచనం. కళ్ళు మూసుకుని ఎవరికి వారు ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట అదే అంటారు. కొందరు గోడ మీద రాసుకుంటారు, కొందరు బైబిల్లో దాచుకుంటారు. దీవెన పండక్కి వచ్చి ఆ కార్డు తీసిన రోజుకి కడుపు నిలిచిందని తనకే తెలియదు. అందుకే అమ్మ ఆ మాట కడుపులో బిడ్డ కోసమే వచ్చిందని నమ్మింది. దేవుడే మీ తరపున యుద్ధం చేస్తాడు, మీరు ఊరకే ఉండండి అన్న మాట అది. వెనక ఐగుప్తు రాజు ఫరో సేన, ముందు సముద్రం ఉన్నప్పుడు మోషే జనంతో అన్నది.

"ఇది నువ్వు తియ్యలేదు, నాను తియ్యలేదు. కడుపుతో ఉన్నదే తన సేత్తో తీసింది," అంది అమ్మ. "ఊరకుండమన్నాడా, పిల్లని కత్తి కింద ఎట్టమన్నాడా?"

"అమ్మా, సిస్టరేం చెప్పిందో..."

"సిస్టరు పెద్దదా, దేవుడు పెద్దోడా? నువ్వు సదువుకున్నావు. సంతోషం. వాక్యం కాడ మాత్రం నాకు సెప్పకు."

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకి కుసుమకుమారి అని ఒక అప్ప ఉండేది. ఆమెకి కాన్పు కష్టమై ఆసుపత్రికి తీసుకెళ్ళి పెద్దాపరేషన్ చేశారు. చిన్నపిల్ల అయిన అమ్మ నీళ్ళచెంబు పట్టుకుని వరండాలో కూర్చుంది. అప్ప లేచాక ఆ నీళ్ళు ఇవ్వాలని ఆమెకి చెప్పారు. అప్ప లేవలేదు. ఈ సంగతి నాన్న ఒకసారి చెబితే తెలిసింది. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న గెడ పని వదిలేసి వచ్చాడు. "ఏం చేద్దాం నాన్నా?" అని నేనంటే, "వాక్యం కాడ మీ అమ్మే. నాకు ఇటుకలూ సిమెంటే తెలుస్తాయి," అన్నాడు. చేతిలో ఉలి మాత్రం కింద పెట్టలేకపోతున్నాడు. దీవెన భర్త బెన్హర్ లారీతో రాయగడ అవతల ఉన్నాడు. ఫోన్ చేస్తే, "అత్త ఏటంటే అదే వొదినా. ఆవిడ ప్రార్థన మీదే మా ఇల్లు నిలబడింది," అన్నాడు. నేను గట్టిగా ఏదో అనేలోపు లైను తెగిపోయింది.

మిగిలింది దీవెన. వసారాలో మంచం మీద ఎడంపక్కకి తిరిగి పడుకుంది. మొహం కూడా ఉబ్బింది.

"నువ్వు చెప్పవే. నీ ఒళ్ళు, నీ బిడ్డ," అన్నాను.

"అమ్మ ఒప్పుకోందే నాను బండెక్కను అప్పా. ఒప్పుకోకుండా ఎల్లి నాకేటైనా అయితే, అమ్మ బతికినన్నాళ్ళూ అదే తలుసుకుంటాది." కళ్ళు మూసుకుంది.

అంతలో అంబులెన్సు వచ్చేసింది. దాని వెనకే స్కూటీ మీద సుహాసిని సిస్టర్. మేమింకా బయల్దేరకుండా నిలబడటం చూసి ఆమెకి సంగతి అర్థమైంది.

"ఏటి గ్యానసుందరమ్మా, మీ దేవుడు ఆసుపత్రి గడప తొక్కనన్నాడేటి?"

"ఎగతాళి సెయ్యకు సిస్టరమ్మా."

"ఎగతాళి గాదు. నాను పైడితల్లమ్మకి మొక్కుతాను, పొద్దున్నే బీపీ మాత్రా మింగుతాను. అమ్మవారు ఎప్పుడూ అలగలేదు."

అమ్మ గుమ్మంలో కూర్చుని కార్డు రెండు చేతుల మధ్య పెట్టుకుంది. డ్రైవరు బండి దిగకుండానే అడిగాడు, "ఎక్కుతారా అమ్మా, ఎల్లిపోమంటారా? ఇంకో కేసు పిలస్తన్నాది."

అమ్మని పక్కకి లాగేసి దీవెనని ఎత్తుకుపోవాలనిపించింది. అలా చేస్తే దీవెన దిగిపోతుంది, తెలుసు. ఆ కార్డు మీది మాట తర్వాత ఏముందో కూడా నాకు తెలుసు. ఏటా వరస తప్పకుండా చదువుతున్నవాళ్ళం, తెలియకపోవడమేమిటి. కాని నా నోటితో చెబితే అది చదువుకున్న కూతురి మాట అవుతుంది.

"అమ్మా," అన్నాను, "ప్రయాణం ముందు వాక్యం చదవకుండా మనం ఎప్పుడైనా బయల్దేరామా?"

"నేదు."

"అయితే చదువుదాం. వెళ్ళేదీ మానేదీ చదివాక నువ్వే చెప్పు. ఆ కార్డు ఏ అధ్యాయంలోదో అదే తీద్దాం. వంతుల్లో."

సిస్టర్ నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఇప్పుడా మెర్సీ?"

"అయిపోద్ది సిస్టర్. ఒక్క ఐదు నిమిషాలు బండి ఆపండి."

ఆమె విసురుగా వెళ్ళి డ్రైవరుతో ఏదో మాట్లాడి, వచ్చి దీవెన చేతికి మళ్ళీ పట్టీ కట్టింది. అమ్మ మాత్రం లేచింది. వాక్యం చదువుదామంటే వద్దనడం ఆమెకి చేతకాదు.

"మొదట్నించి సదవాల," అంది.

"సేన తరుముకొస్తున్న దగ్గర్నించి చదువుదామమ్మా. దీవెన కూర్చోలేదు."

అమ్మ ఆలోచించి, "సరే, జనం ఏడిసిన కాడ్నించి," అంది.

దీవెన మంచం చుట్టూ చేరాం. నాన్న తాపీ చేతులతో పుస్తకం పట్టుకుని చదివాడు. ఈ అడవిలో చావడం కన్నా ఐగుప్తులో బానిసలుగా ఉండటమే మేలని జనం మోషేని తిట్టిన మాట అది. తర్వాత నా వంతు. భయపడకండి, నిలిచి చూడండి అని మోషే చెప్పడం. తర్వాత పుస్తకం దీవెన ముందు పెట్టాను. దాని వంతుకి వచ్చింది దాని కార్డు వచనమే.

దీవెన పుస్తకం వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని కంఠతా చెప్పేసింది.

"సూసి సదువే. పుస్తకం ఉండగా సూడకుండా సెప్పకూడదు," అంది అమ్మ.

"కనపడ్లేదమ్మా."

"ఏటి కనపడ్లేదు?"

"అక్షరాలు. నీళ్ళు పోసి అలికేసినట్టున్నాయి."

అమ్మ దాని మొహం ముందు చెయ్యి ఆడించింది. దీవెన కళ్ళు ఆ చేతి వెంట కొంచెం ఆలస్యంగా కదిలాయి. సిస్టర్ నా భుజం గట్టిగా పట్టుకుని, "పద," అంది. "ఒక్కటే సిస్టర్," అన్నాను. వంతు అమ్మది.

నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ నా పలక మీదే అక్షరాలు దిద్దుకుంది. ఆమె చదివే పుస్తకం అదొక్కటే. ఇప్పటికీ ప్రతి అక్షరం కింద వేలు పెట్టి, దాన్ని గట్టిగా పలికి, అప్పుడు పక్క అక్షరానికి వెళుతుంది. ఎవరూ అందించకూడదు. "అందిస్తే అది నీ వాక్యం అవుతాది. నాకేటి మిగుల్తాది?" అంటుంది.

అమ్మ వేలు పెట్టింది. దేవుడు మోషేతో అన్నాడు అనే దాకా వచ్చేసరికి బయట హారన్ మోగింది. అమ్మ వేలు కదల్లేదు. మళ్ళీ మొదలుపెట్టింది. నువ్వు నాకెందుకు మొరపెడుతున్నావు అని దేవుడు మోషేని అడిగిన మాట ఒక్కో అక్షరంగా బయటికొచ్చింది. అక్కడ ఆగిపోయింది. తర్వాతి మాట నాకు తెలుసు, నాన్నకి తెలుసు. నాన్న పెదవులు కదిలాయి. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"సా..." అంది అమ్మ.

దీవెన మంచం పట్టె పట్టుకుని మూలిగింది.

"సా... గి... పో..."

మాట మొత్తం కూడదీసుకుని పలికింది. సాగిపోవుడి. జనంతో అలా చెప్పమని దేవుడు మోషేకి చెప్పాడు.

అమ్మ తలెత్తలేదు. వేలు వెనక్కి, పై వచనానికి తీసుకెళ్ళింది, కార్డు మీది మాటకి. మళ్ళీ కిందికి తెచ్చింది.

"ఇది దాని కిందే ఉన్నాది," అంది.

"అవునమ్మా."

"కార్డు మీద నేదే."

"కార్డు చిన్నదమ్మా."

ఆమె కార్డు వైపు చూసి, దాన్ని ఆ పేజీలోనే పెట్టి పుస్తకం మూసింది. "ఏటా సదువుతున్నాం," అంది తనలో తనే. "కోస్తారంటే మా అప్ప మంచమే కనపడింది, మిగతాది కనపడ్లేదు." కొంగు నడుంకి బిగించింది. "ఏవయ్యా, అలా నిలబడిపోనావేటి? మంచం ఆ కొస పట్టు."

మంచంతో సహా బండి దగ్గరకి మోశాం. అమ్మా, నేనూ, సిస్టరూ దీవెనతో ఎక్కాం. నాన్న డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

రైలు గేటు దగ్గర బండి ఆగింది. గేటు పడి ఉంది. రాయగడ వైపు నుంచి గూడ్సు బండి వస్తోంది, బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, నిదానంగా. అప్పుడే దీవెన చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. దవడ బిగుసుకుంది. నోటి వెంట నురగ వచ్చింది. నేను దాని పేరు పెట్టి అరిచాను. సిస్టర్ నన్ను మోచేత్తో తోసేసి, దాన్ని పక్కకి తిప్పి పట్టుకుంది. బండిలో వచ్చిన కుర్రాడు సూది అందించాడు.

అమ్మ తలుపు తోసి దిగబోయింది. "గేటు తియ్యమని సెప్తాను. కాళ్ళు పట్టుకుంటాను."

"రైలు గేటు మీదున్నాది గ్యానసుందరమ్మా, ఎలా తీస్తాడు? కూకో," అంది సిస్టర్.

అమ్మ తలుపు పట్టుకుని రైలు వైపు చూసింది. పెట్టెలు అయిపోవడం లేదు. తర్వాత లోపలికి వచ్చి దీవెన పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. ఆ పాదాలు ఎగిరెగిరి పడుతుంటే గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు," అంది, "ఇక్కడ ఊరకుండాల." పెదవులు మూసుకుంది. ఆమె అంత నిశ్శబ్దంగా ప్రార్థించడం నేను ఎప్పుడూ చూడలేదు. గేటు లేచేదాకా ఆ పాదాలు వదల్లేదు. ఆ కార్డు మీది మాట అబద్ధం కాదని నాకు అక్కడ తెలిసింది. పొద్దుటి నుంచీ మేము దాన్ని తప్పు చోట నిలబెట్టాం, అంతే.

ఆసుపత్రిలో స్ట్రెచరు మీదికి మార్చేసరికి ఫిట్సు ఆగాయి గాని దీవెనకి తెలివి లేదు. డాక్టరమ్మ చూసి, వెంటనే ఆపరేషన్ చెయ్యాలంది. నాన్న సంతకం పెట్టాడు. అమ్మ డాక్టరమ్మకి అడ్డం నిలబడి, "సావదు గదమ్మా?" అని అడిగింది.

"ఇప్పుడు చెప్పలేనమ్మా. తెచ్చారు, మంచిపని చేశారు. పక్కకి జరగండి."

అమ్మ పక్కకి జరిగింది. వరండాలో గోడకి ఆనుకుని కింద కూర్చుంది. నాన్న చెంబుతో నీళ్ళు తెచ్చిస్తే తాగలేదు, పక్కన కూడా పెట్టుకోలేదు. "అది అవతల ఎట్టు," అంది. సంచిలోంచి పుస్తకం తీసి, ఆపిన చోట వేలు పెట్టి, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. వంతుల్లేవు. ఆమె ఒక్కతే.

పక్కన లక్ష్మణమ్మ అని చీపురుపల్లి వైపు ఆవిడ కూర్చుని ఉంది. ఆమె కోడలు కూడా లోపలే ఉంది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో ఖాళీ ఫ్లాస్కు. కాసేపు విని అడిగింది.

"ఆ ఎనకాల వొచ్చే సేన ఎవురిదమ్మా?"

"ఐగుప్తు రాజుది."

"ముందట సముద్రమా? ఒలమ్మ. మరి దాటినారా?"

"ఉండమ్మా, నానింకా అక్కడిదాకా రాలేదు," అంది అమ్మ.

"వేగిరం సదువు. పేణం ఆగట్లేదు."

"నాకు వేగిరం రాదు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అమ్మ వేలు ఒక్కో అక్షరం దాటుతోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరం లేచేవాళ్ళం, మాకోసం కాదని తెలిసి కూర్చునేవాళ్ళం. అమ్మ వేలు మాత్రం పుస్తకంలోంచి తియ్యలేదు.

చివరికి ఒక నర్సు వచ్చి దీవెన పేరు పిలిచింది. ఆడపిల్ల. బరువు తక్కువ. సరిగా ఏడవలేదు, అద్దాలపెట్టెలో పెట్టారు. తల్లికి రక్తం ఎక్కిస్తున్నారు, తెలివి రావాలి. అమ్మ నిలబడి అంతా విని, తలాడించి, మళ్ళీ కూర్చుంది.

లక్ష్మణమ్మ మెల్లగా అడిగింది, "దాటినారా?"

"దాటతన్నారు," అంది అమ్మ. "నీల్లు రెండుపక్కలా నిలబడి ఉన్నాయి. జనం ఇంకా మధ్యలోనే ఉన్నారు."

దీవెన ఆదివారం గుడి వేళకి కళ్ళు తెరిచింది. మొదట అమ్మని గుర్తుపట్టలేదు. సాయంత్రానికి గుర్తుపట్టింది. రెండు రోజులు పోయాక పుస్తకం అడిగి, ఒక వచనం తనే చూసి చదివింది. తన వంతు తను చదివింది గనక మా అమ్మకి అదే పెద్ద రిపోర్టు. బెన్హర్ వచ్చి తలుపు దగ్గర నిలబడి ఏడ్చాడు.

ఈ ఏడాది మా గుడిలో వాగ్దాన కార్డులు తీయొద్దని నేను అనను. అమ్మ తన కార్డు పారెయ్యలేదు, దీవెనదీ పారెయ్యలేదు. కాని ఇప్పుడు ఎవరైనా కార్డు చూపించి సలహా అడిగితే, "దీని ముందేటున్నాదో, ఎనకేటున్నాదో సదివినావా?" అని అడుగుతోంది. రోజూ వరసలో చదివిన ఇల్లు గనకే ఆ కష్టంలో చెయ్యి పెట్టడానికి మాకొక పేజీ దొరికింది. ఇది నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు, గంజి ముందు నేర్చుకున్నది.

ఇది రాస్తున్న రోజుకి బిడ్డ ఇంకా అద్దాలపెట్టెలోనే ఉంది. బరువు ఒకరోజు పెరుగుతోంది, ఒకరోజు తగ్గుతోంది. ఊపిరి తనంతట తను తీసుకోవడం నేర్చుకుంటోందని డాక్టరమ్మ అంది. గుడిలో ప్రార్థన చేయించేదాకా పేరు పెట్టం. కాలికి కట్టిన చీటీ మీద దీవెన బిడ్డ అని మాత్రమే ఉంది. ఇది చదువుతున్న మీరు రేపు పొద్దున మీ ఇంట్లో వాక్యం తెరిచినప్పుడు, మీ వంతు చదివి పుస్తకం పక్కవారికి ఇచ్చేముందు, ఆ బిడ్డని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. పేరు లేకపోయినా ఫరవాలేదు. దీవెన బిడ్డ అంటే ఆయనకి తెలుస్తుంది.